అద్దంకి దారి, బెజవాడ దారి



మా నార్కట్‌పల్లి కూడలిలో నిలబడిన వానికి రెండు దారులు కనబడతాయి. హైదరాబాదు నుండి వచ్చిన జాతీయ రహదారి తూర్పుగా సాగి సూర్యాపేట, కోదాడల మీదుగా బెజవాడ చేరుతుంది. దక్షిణంగా చీలిన దారి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా పోయి, వాడపల్లి వద్ద కృష్ణను దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేటల మీదుగా అద్దంకి చేరుతుంది. బెజవాడ దారి చివర పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రం ఉన్నది. అద్దంకి దాటి మరికొంత దూరం పోతే ఒంగోలు వస్తుంది. తెలుగునాట క్రైస్తవం పల్లెల్లోకి, అందునా వెలివాడల్లోకి, వెల్లువలా వచ్చింది అక్కడి నుండే. ఈ రెండు దారుల నడుమ ఊరివాణ్ణి కావడం వల్లనేమో, రెండు వైపుల మాటలూ నా చెవిన పడుతూనే పెరిగాను.

ఇటీవల నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. చదువుకొని పెద్ద ఉద్యోగంలో స్థిరపడినవాడు, హేతువాద గ్రంథాలు శ్రద్ధగా చదివినవాడు. టీ తాగుతూ, వెనకటి చనువుతో అడిగాడు.

"సార్, మీరు వ్యాకరణంల ఒక్క తప్పు ఉంటె ఒప్పుకోకపోతుంటిరి. గసొంటి మీరు రుజువు లేని దేవుణ్ణి ఎట్ల ఒప్పుకుంటున్నరు?"

ఇంకా మూడు ప్రశ్నలు వేశాడు. కరవులో గింజలు పెట్టి కలుపుకున్న మతం కాదా మీది? క్రీస్తు అనేవాడు అసలు చరిత్రలో ఉన్నాడా? ఉంటే, ఆ దేవుడు మన తాతల వెట్టిచాకిరీని చూస్తూ ఎందుకు ఊరుకున్నాడు? "బిడ్డా, నోటితో చెప్తే వాదులాట అయితది, రాసి ఇస్తా" అన్నాను. ఆ రాత ఇది. నమ్మనివారిని నమ్మించాలని రాయడం లేదు. వాడి ప్రశ్నలు నిజాయితీ గలవి. వాటిని దాటవేస్తే నా విశ్వాసానికే చిన్నతనం.

మొదట గింజల మాట.

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరవు వచ్చింది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి చూపాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద, ఒక్క రోజున 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఏడాది ముగిసేసరికి సంఖ్య 9 వేలు దాటింది. కరవును, ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవాడు "ఇది బియ్యం క్రైస్తవం" అనడంలో ఆశ్చర్యం లేదు. నేనైనా అంతే అనుకొని ఉండేవాణ్ణి.

అయితే ఈ రెండింటి నడుమ ఉన్న ఒక సంగతిని విమర్శకులు సాధారణంగా చెప్పరు. కరవు తీవ్రంగా ఉన్న కాలంలో, ఏడాదికి పైగా, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగిన వారిని కూడా ఆగమన్నాడు. కూటి కోసం వస్తున్నారో, నమ్మి వస్తున్నారో తేల్చుకోలేక ఆపాడు. కాలువ పని ముగిసిన తర్వాతనే ఆ వేలమంది నీటిలో దిగారు. గింజలే ఎర అయితే, ఎర చేతిలో ఉన్నప్పుడు గాలం వేయక, ఎర అయిపోయాక వేసే జాలరి ఉంటాడా?

ఇంకొక సంగతి. ఈ కదలిక కరవుతో మొదలు కాలేదు. పదేళ్ల ముందు, 1866లో, తాళ్లకొండపాడు వాసి యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. పేరయ్య మాదిగ, తోళ్ల వ్యాపారి. అంతకు ముందు రాజయోగ మార్గంలో గురువును ఆశ్రయించి సాధన చేసినవాడు. అక్షరం రాకపోయినా తత్త్వజిజ్ఞాస గలవాడు. ఆయన కాలినడకన పల్లె పల్లె తిరిగి బంధువులకు చెప్పుకున్నాడు. కాబట్టి ఈ మతం వెలివాడకు ఓడ దిగి వచ్చిన దొర నోటి నుండి వచ్చినదానికన్నా చెప్పులు కుట్టే బంధువు నోటి నుండి వచ్చినదే ఎక్కువ. క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ తొలితరం వారి కథలను వారి నోటనే విని 1899లో పుస్తకంగా వెలువరించింది.

చేరినవారికి దక్కిన లాభమేమిటో కూడా చూడాలి. వారికి పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలను కొలవరాదు. ఆదివారం పని చేయరాదు. ఈ మూడూ ఊరి కట్టుబాటును నేరుగా తాకినవే. జాతరకు డప్పు కొట్టనన్న మాదిగను, ఆదివారం వెట్టికి రానన్న కూలివాణ్ణి ఊరి పెద్దలు ఊరికే వదలలేదు. కొట్టారు, బావులు మూసివేశారు, తప్పుడు కేసులు పెట్టారు. ఒంగోలులో మాదిగలను సంఘంలో చేర్చుకున్నందుకు పైకులాల పిల్లలు మిషను బడిని విడిచిపోయారు. కేవలం లాభం లెక్క చూసుకునేవాడు ఇటువంటి బేరం చేయడు.

ఇక్కడ నేను ఒప్పుకోవలసినదీ ఉన్నది. కరవులో అన్నం పెట్టిన చేతిని ఆ జనం మరువలేదు. కృతజ్ఞత వారి విశ్వాసంలో కలిసి ఉండదని నేను అనను. మనిషి ఆకలి రెండు విధాలు, కడుపుది ఒకటి, గౌరవానిది ఒకటి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు దేని వల్ల అడుగు వేశాడో వేరు చేసి చూపడం చరిత్రకారునికి సాధ్యం కాదు. అయినా ఒక నమ్మకం ఎందుకు పుట్టిందన్న ప్రశ్న వేరు, అది నిజమా కాదా అన్న ప్రశ్న వేరు. కూలి కోసం బడికి వచ్చిన పిల్లవాడు నేర్చుకున్న ఎక్కం తప్పైపోదు కదా!

మా నల్లగొండకు ఈ బోధ 1890లో వచ్చింది. తెచ్చినవాడు అబ్రహాం ఫ్రీసెన్, దక్షిణ రష్యా నుండి వచ్చిన మెన్నోనైటు. నైజాం ఏలుబడిలో, దేశ్‌ముఖుల గడీల నీడలో ఆ మిషను నడిచింది. మా తాత ఆ కాలపు సంఘంలో బాప్తిస్మం పొందినవాడు. నా స్వవిషయం ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే గింజల లెక్కకు అది సంబంధించినదే.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితమయింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఉమ్మడి రాష్ట్రంలో దళిత క్రైస్తవుణ్ణి బి.సి. 'సి' వర్గంలో ఉంచారు. వారికి దక్కింది 1 శాతం. షెడ్యూల్డు కులాలకు 15 శాతం. నన్ను బడిలో వేసిన రోజున, మంచి మనసు గల ఒక పంతులు మా నాయనతో, మతం గడిలో వేరుగా రాయిస్తే పిల్లవానికి మేలు జరుగుతుందని చెప్పాడట. మా నాయన నిశాని. "ఐతారం ఒక పేరు, సోమారం ఒక పేరు నాకొద్దు సారూ" అన్నాడట. ఆ ఒక్క మాట ఖరీదు నాకు తర్వాత తెలిసింది. నాతో చదివిన వారికన్నా ఆరేళ్లు ఆలస్యంగా నాకు పండితుని కొలువు దొరికింది. మా దాయాదుల్లో వేరుగా రాయించుకున్నవారున్నారు. వారిని నేను తప్పు పట్టను. ఆకలి వారిది, చట్టం చేసిన అన్యాయం వేరెవరిదో. కానీ "లాభం కోసం మతం" అన్నవారికి నేను వినయంగా చెప్పగలిగేది ఒకటున్నది. 1950 నుండి ఈ దేశంలో ఒక మాదిగకు గాని, మాలకు గాని తాను క్రైస్తవుణ్ణని కాగితం మీద రాసుకోవడం నష్టం తెచ్చే పనే. గింజలు ఇప్పుడు రెండవ గంపలో ఉన్నాయి.

ఇక రెండవ ప్రశ్న, క్రీస్తు చారిత్రకత.

1927 మార్చి 6న లండనులోని బాటర్‌సీలో బెర్ట్రండ్ రస్సెల్ తాను ఎందుకు క్రైస్తవుణ్ణి కాదో వివరిస్తూ ప్రసంగించాడు. క్రీస్తు అసలు ఉన్నాడా అన్నదే చారిత్రకంగా సందేహమని అందులో అన్నాడు. మన హేతువాదులు తరచుగా ఎత్తే వాదం ఇదే. రస్సెల్ మహామేధావి, గణితంలో, తర్కంలో ఆయన ముందు నిలువగలవారు అరుదు. కానీ ఆయన వృత్తి ప్రాచీన చరిత్ర కాదు. ఆ వృత్తిలో ఉన్నవారి మాట నేడు వేరుగా ఉన్నది. బార్ట్ ఎర్మన్ అనే అమెరికన్ పండితుడు విశ్వాసం విడిచినవాడు, సువార్తల్లోని వైరుధ్యాలను వేలెత్తి చూపడంలో అందెవేసిన చేయి. ఆయనే 2012లో, యేసు అనే మనిషి నిస్సందేహంగా జీవించాడని నిరూపిస్తూ ఒక పూర్తి గ్రంథం రాశాడు.

ఆధారాలేమిటి? రోమను చరిత్రకారుడు టాసిటస్ సుమారు క్రీ.శ. 116 ప్రాంతంలో, తిబెరియ కైసరు కాలంలో పొంతి పిలాతు చేతిలో క్రీస్తు మరణశిక్ష పొందాడని రాశాడు. ఆయనకు క్రైస్తవుల మీద అసహ్యమే గాని ప్రేమ లేదు. యూదు చరిత్రకారుడు జోసిఫస్ క్రీ.శ. 93 ప్రాంతంలో, యేసు సోదరుడైన యాకోబును చంపిన వృత్తాంతం చెప్పాడు. వీటికన్నా ముందువి పౌలు లేఖలు. వాటిలో తొలివి క్రీ.శ. 50 ప్రాంతానివి, అంటే సిలువ మరణానికి సుమారు ఇరవై ఏళ్ల తర్వాతివి. ఆ యాకోబును తాను స్వయంగా కలిశానని పౌలు గలతీయులకు రాశాడు. లేని మనిషికి తమ్ముడుండడు, ఆ తమ్ముణ్ణి చూసివచ్చిన సమకాలికుడూ ఉండడు.

జోసిఫస్ గ్రంథంలో యేసును గురించి మరొక పెద్ద భాగమున్నది, అందులో తర్వాతి క్రైస్తవ లేఖకుల చేర్పులున్నాయి. ఇది నిజమే. ఇక్కడ నా తెలుగు పండిత శిక్షణ పనికి వస్తుంది. ప్రక్షిప్తాలు మనకు కొత్తవా? సి.పి. బ్రౌను 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించేనాటికి ఆయన చేతికి వచ్చిన వ్రాతప్రతుల్లో ఒకదానికొకదానికి పొంతన లేదు. ఎవరెవరో రాసిన ఆటవెలదులకు వేమన మకుటం తగిలించబడింది. వేమన కాలాన్ని గురించి నేటికీ వాదాలున్నాయి. అంతమాత్రాన వేమనే లేడన్న పండితుణ్ణి నేను చూడలేదు. పాఠపరిష్కర్త పని చేరిన పద్యాన్ని ఏరివేయడం. దానికి బదులు కవినే ఏరివేస్తే అది పరిష్కారం కాజాలదు. వేమనకు చూపే న్యాయాన్ని క్రీస్తుకు కూడా చూపమని మాత్రమే నేను కోరుతున్నాను.

ఇంతవరకు చరిత్ర వస్తుంది. ఆపైన రాదు. యేసు ఉన్నాడు, బోధించాడు, సిలువ మీద చనిపోయాడు అనేంతవరకు నాస్తిక పండితుడూ నేనూ చేయి పట్టుకొని నడవగలం. మూడవ రోజున లేచాడన్న చోట ఆయన ఆగుతాడు, నేను ముందుకు పోతాను. అక్కడ నా చేతిలో ఉన్నది చూచినవారి సాక్ష్యం, దాని మీద నా నమ్మకం. మన తార్కికులు చెప్పిన ప్రమాణాల్లో ప్రత్యక్షం, అనుమానంతో పాటు శబ్దం కూడా ఒకటి, అంటే నమ్మదగినవాని మాట. ఆ మాటను స్వీకరించడమో, మానడమో వినేవాని వివేచన. వ్యాకరణ సూత్రంలా దేవుణ్ణి సాధించి చూపగలనని నేను ఏ తరగతి గదిలోనూ అనలేదు, ఇప్పుడూ అనను. నరకం చూపి భయపెట్టి నమ్మించే బోధ పట్ల రస్సెల్‌కు ఎంత విముఖతో నాకూ అంతే.

మూడవ ప్రశ్న వద్ద నా గొంతు తగ్గుతుంది.

మా మేనమామ ఒకరు సాయుధ పోరాటంలో పనిచేశారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకికి బలైనప్పుడు ఆయన పందొమ్మిదేళ్ల పిల్లవాడు. కడవెండి అప్పుడు మా నల్లగొండ జిల్లాలోనిదే. ఆ తర్వాత ఆయన సంఘంలో చేరాడు, అడవి పట్టాడు. మార్క్సును ఆయన ఎంత చదివాడో నాకు తెలియదు గాని, ఒక్క ప్రశ్న మాత్రం జీవితాంతం అడిగేవాడు. మా అమ్మ ప్రార్థనకు కూర్చుంటే గడప అవతల నిలబడి, "దేవుడే ఉంటె దొర ఎట్ల ఉంటడే అక్కా?" అనేవాడు. మా అమ్మ జవాబు చెప్పేది కాదు. ప్రార్థన ముగించి ఆయనకు అన్నం పెట్టేది.

రస్సెల్ తర్కం కన్నా ఈ వాక్యం బలమైనదని నా నమ్మకం. తెలుగు సాహిత్యంలో ఇదే ప్రశ్నను గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' చేత మోయించారు. గుడిలోకి అడుగు పెట్టనీయని వాని గోడును కాశీలోని దేవునికి చేరవేయడానికి ఆయనకు దొరికిన దూత, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలం. అడిగినవాడు నాస్తికుడు కాడు. విశ్వాసి అడిగితే ఈ ప్రశ్న ఇంకా పదునుగా ఉంటుంది.

బైబిలులో ఈ ప్రశ్నకు ఒక గ్రంథమే ఉన్నది, యోబు గ్రంథం. సర్వం కోల్పోయిన యోబు దేవుణ్ణి నిలదీస్తాడు. ముగ్గురు స్నేహితులు వచ్చి దేవుని పక్షాన చక్కని వాదనలు చేస్తారు. నీ పాపమే నీ బాధకు కారణమంటారు. చివరికి దేవుడు పలికినప్పుడు మందలించింది ఎవరిని? తన తరఫున వాదించిన ఆ స్నేహితులను. తన గురించి యుక్తంగా పలికినవాడు యోబే అన్నాడు. విశ్వాసాన్ని సమర్థించ పూనుకున్న నావంటి వాడు ప్రతి ఉదయం చదువుకోవలసిన అధ్యాయం అది. బాధపడేవానికి బాధ ఎందుకో వివరించే పండితుడు, ఆ గ్రంథం ప్రకారం, దేవుని శత్రుపక్షంలో ఉన్నాడు.

కాబట్టి మా మామకు జవాబు చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. నేను నమ్మిన దేవుడు గడీలో కూర్చొని చూసినవాడు కాడు. అధికారుల చేత కొట్టబడి, ఊరి వెలుపల చంపబడి, చివరి ఘడియలో తండ్రి కూడా తనను విడిచాడని కేక వేసినవాడు. వెలివాడ జనం ఆయనను తమవానిగా ఎందుకు గుర్తుపట్టారో తెలుసుకోవడానికి నాకు తర్కశాస్త్రం అవసరం లేకపోయింది. ఇది దొర ఎందుకున్నాడన్న ప్రశ్నకు సమాధానం కాదు, నాకు తెలుసు. అయినా మా అమ్మ మౌనంలో ఉన్నది ఇదేనని నేను అనుకుంటాను.

చివరగా గోరా గారిని గురించి. గోపరాజు రామచంద్రరావు గారు 1902లో ఛత్రపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వృక్షశాస్త్ర అధ్యాపకులు. దేవుని భావన మీద రాసిన వ్యాసం కారణంగా 1933లో కాకినాడ కళాశాలలో కొలువు కోల్పోయారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో పటమటకు మార్చారు. దేవుని మీద భారం వేసిన మనిషి తన బాధ్యత మరచిపోతాడన్నది ఆయన ప్రధానమైన అభియోగం. సహపంక్తి భోజనాలు చేసి, కుమార్తెను దళితునికి ఇచ్చి పెళ్లి చేసి, ఆయన ఆ మాటను ఆచరించి చూపారు. మరి సమానత్వం బోధించిన మా సంఘాల్లో మాల గుడి, మాదిగ గుడి ఇంకా ఎందుకున్నాయి? శ్మశానాల్లో కూడా గీతలు ఎందుకున్నాయి? ఈ అభియోగం ముందు నేను తల వంచుతాను. మాకు మా పుస్తకం చెప్పినదాన్నే గుర్తు చేసినందుకు ఆ నాస్తికునికి కృతజ్ఞుణ్ణి.

1960లో జాషువా గారి కుమార్తె హేమలత, గోరా గారి కుమారుడు లవణం పెళ్లి చేసుకున్నారు. మరి నాలుగేళ్లకు, 1964లో, జాషువా గారి 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురాణ కథలు రాస్తున్నాడని ఒకప్పుడు సొంత సంఘం దూరం పెట్టిన కవి క్రీస్తు మీద కావ్యం రాశాడు. ఆయన బిడ్డ నాస్తికుల ఇంటి కోడలయింది. హేమలతా లవణం గారు 1970లలో బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో, నేరస్థులని ముద్ర పడిన కుటుంబాల మధ్య భర్తతో కలిసి సేవ చేశారు. ఆ ఊరు 1910లలో నేరస్థ జాతుల చట్టం కింద సాల్వేషన్ ఆర్మీ క్రైస్తవులు నడిపిన సెటిల్‌మెంటు. ఆ చట్టం క్రూరమైనది, దాని నీడలో జరిగిన సేవకు ఆ మచ్చ ఉన్నది. అయినా ఎవరూ అడుగు పెట్టని గడపలకు మొదట విశ్వాసులు, అరవై ఏళ్ల తర్వాత అవిశ్వాసులు వెళ్లారు. నిజామాబాదు ప్రాంతంలో జోగిని దురాచారం మీద ఆమె చేసిన కృషి, 1988లో వచ్చిన నిషేధ చట్టం మనకు తెలిసినవే. ఆమె 2008లో, లవణం గారు 2015లో కన్నుమూశారు.

ఆమె చేసిన పనిని నా మతం ఖాతాలో రాసుకోను. అది ఆమెకు అన్యాయం. దేవుడు లేకుండా మంచితనం సాధ్యమేనన్న నాస్తికుల వాదానికి ఆమె జీవితం గట్టి సాక్ష్యం, దాన్ని ఒప్పుకోవడానికి నా విశ్వాసం అడ్డురాదు. అలాగే నమ్మినవాడు బానిస మనస్కుడు అవుతాడన్న వాదానికి యెర్రగుంట్ల పేరయ్య, చదువురాని మా నాయన ఎదురు సాక్షులు. వారు నమ్మినందువల్లనే తల ఎత్తారు. ఈ సాక్ష్యాన్ని అవతలివారూ ఒప్పుకుంటారని ఆశిస్తాను.

నా విద్యార్థి ఈ రాత చదివి ఏమంటాడో తెలియదు. ఆ రోజు వాణ్ణి కూడలి వరకు సాగనంపి, బెజవాడ బస్సు ఎక్కించి ఇంటికి వచ్చాను. మళ్లీ వస్తానన్నాడు. వస్తే మొదటి ప్రశ్నకు నా జవాబులో తప్పులు వెదికి తెమ్మని చెప్పాను. వ్యాకరణం కూడా చూడమన్నాను.

స్వస్తి.